మా ముత్తాత పొడుగైన సంగతి

ఊరి బడిలో అయిదు తరగతులే చదివినా, ఊరికి కరెంటు తెప్పించినవాణ్ణి నేను. ఆఫీసుల చుట్టూ తిరిగి పశువుల ఆసుపత్రి సాధించినవాణ్ణీ నేనే. పొలం నడుమ మా ముత్తాత కట్టిన మట్టి ఇల్లు ఈనాటికీ నిలబడి ఉందంటే అందులోనూ నా చెయ్యి ఉంది. అయితే నాది ఒక్క చెయ్యి, మా అక్కవి రెండు చేతులూ. అందుకని ఇది ఆవిడ కథ.

అక్క పెళ్ళి చేసుకోలేదు. సంబంధం వచ్చినప్పుడల్లా "వాళ్ళింట్లో నేల ఏమిటి?" అని అడిగేది. సిమెంటు అంటే లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడకు తెల్లవారడమంటే ఎర్రమట్టి తడపడమే. వానలు వెలిశాక లోపలా బయటా నేలంతా మందంగా మెత్తేది, వారం వారం పలచగా అలికేది. అమ్మా, నాయనమ్మా కూడా అంతే. పాత పూత గీకి తీయాలని మా ఆడవాళ్ళెవరికీ తోచలేదు.

ఆ ఇంటి గుమ్మం మరీ పొట్టిది. నుదురు బొప్పి కట్టని అల్లుడు మా వంశంలో లేడు. గడప అసలే లేదు. ముత్తాతను చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు గనుక, ఆయన పొట్టివాడనీ, దూడలు తట్టుకుంటాయని గడప పెట్టించలేదనీ చెప్పుకునేవాళ్ళం. నేను సభల్లోనూ చెప్పాను. సొంత ఖర్చుతో ఆయన విగ్రహం చేయించి వాకిట్లో నిలబెట్టాను. శిల్పికి గుమ్మం కొలతే ఇచ్చాను. విగ్రహం నా చంక దాకా వచ్చింది.

ఇలా ఉండగా మా తమ్ముడు పట్నం నుంచి వచ్చాడు.

"అన్నయ్యా, ఈ కొంప పడగొట్టి గోదాం కడదాం. అక్క నా దగ్గరుంటుంది."

"మీ ఇంట్లో అలకడానికేముందిరా?" అంది అక్క.

"ఏమీ లేదు, అంతా పాలరాయే. హాయిగా కూర్చో."

"కూర్చోవడం నాకు రాదు."

ఆ పూట అక్క అన్నం ముట్టలేదు. నాకు తెలిసిన మార్గం ఆఫీసులే గనుక, పాత ఇళ్ళను కాపాడే ఆఫీసుకు వెళ్ళాను. కట్టింది కట్టినట్టే ఉంటే తీసుకుంటాం, మార్చి ఉంటే తీసుకోం అన్నారు. తమ్ముడు కూడా సరేనన్నాడు. వాళ్ళు వద్దంటే గోదామే.

ఆ ఆఫీసు పంపిన ఇంజనీరమ్మ వచ్చీ రాగానే గుమ్మానికి నుదురు కొట్టుకుంది. మా పద్ధతిలో పడిందిలే అనుకున్నాను. ఆవిడ మాత్రం నుదురు వదిలేసి తలుపు కింది అంచు తడిమింది.

"దీన్ని కోశారు."

"లేదమ్మా, ఉబ్బినప్పుడల్లా వడ్రంగి కాస్త చివ్వాడు."

"ఎప్పుడెప్పుడు ఉబ్బుతుంది?"

"వానలయ్యాక అక్క అలికిన ప్రతిసారీ."

"తలుపు ఇంతగా కోశారంటే గుమ్మం కూడా మార్చే ఉంటారు. పెద్దది తీసి చిన్నది పెట్టారు."

తమ్ముడు అప్పుడే కళ్ళతో గోదాం కొలతలు తీస్తున్నాడు. అక్క చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"నేనుండగా గుమ్మం ఎవరు మారుస్తారే అమ్మాయ్?"

"అయితే ద్వారబంధం కాళ్ళు చూడాలి పెద్దమ్మా. తవ్వించనా?"

అక్క వంగి అరచేత్తో నేల నిమిరింది. "తవ్వుకో. మళ్ళీ అలుక్కుంటాను."

మేస్త్రి తవ్వుతుంటే ద్వారబంధం కిందికి పోతూనే ఉంది. మోకాలి లోతున గునపం ఖంగుమంది. నల్లరాతి గడప బయటపడింది. గుంట అంచు పొడవునా పూత మీద పూత. ఇంజనీరమ్మ వేలితో గీసి చూసి నవ్వింది.

"గుమ్మం పొట్టిది కాదు బాబాయ్, మీ నేల ఎదిగింది. ఇల్లు కట్టినట్టే ఉంది."

"అంటే తలుపు ఉబ్బలేదా?" అన్నాడు తమ్ముడు.

"లేదురా. వడ్రంగి పొట్ట ఉబ్బింది," అంది అక్క.

ఇల్లు తీసుకున్నారు. ముందు గది నేల గడప దాకా దించారు, మిగతా గదులు అక్కకే వదిలారు. ఇక మీదట పాత పూత గీకాకే అలకాలన్నారు. దానికి ఒప్పుకుంది గానీ, తవ్విన మట్టి బయట పోయనివ్వలేదు.

"అమ్మ చెయ్యి పడ్డ మట్టిరా. అవతల పారేస్తారా?"

"మరి ఎక్కడ పెడదాం అక్కా?"

అక్క విగ్రహం వంక చూసింది. "ముత్తాతను పొట్టివాణ్ణి చేసి నిలబెట్టావుగా. ఆయన కాళ్ళ కింద దిమ్మె వేద్దాం."

వేశాం. దాన్నీ వారం వారం అలుకుతోంది. అది ఇంటి లోపలిది కాదు గనుక గీకనక్కర్లేదట. ముత్తాత ఇప్పటికే నాకంటే బెత్తెడు పొడుగు. ఇంకా ఎదుగుతున్నాడు.