వాదీ గట్టు మీద నఫీసా మేడం

నిన్న దోహాలో వాన పడింది. ఐన్ ఖాలిద్‌లో మా కిటికీ తెరవగానే తడిసిన ఇసుక వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు ఒక వాగు గట్టు, దాని మీద నడిచిన నఫీసా మేడం గుర్తొస్తారు. నిజామాబాద్ ఆవిడ, ఒక యూనివర్సిటీ కాలేజీ ఆవరణ పనులు చూసే ఇంజనీరు. పెళ్ళయి వచ్చి, చదివిన చదువు మరచిపోతూ ఇంట్లో కూర్చున్న నన్ను డ్రాయింగుల పనిలో పెట్టుకున్నది ఆవిడే.

ఆ ఆవరణ అంచున ఒక వాదీ, అంటే వానొస్తేనే పారే వాగు, ఉంది. దాని గట్టు వెంట పాత కాలిబాట. ఇళ్ళకు పైపులు రాకముందు చుట్టుపక్కల వాళ్ళు బావికి నడిచిన దారి. తరాల పాదాల కింద సున్నపురాయి నున్నగా అరిగిపోయింది. పనిలో చేరిన కొత్తలోనే మేడం నన్నక్కడికి తీసుకెళ్ళి, "చెప్పులిడిచి నడువు" అన్నారు.

"కాలుతుంది మేడం!"

"కాలనీ. నీళ్ళు మోసుకుంట ఆడోళ్ళు గిట్లనే నడిచిండ్రు."

తన చెప్పులు చేత పట్టుకుని ఆవిడే ముందు నడిచారు.

కొన్నాళ్ళకు పార్కింగ్ కోసం ఆ దారి తవ్వేయాలన్నారు. మేడం నా చేత దారి మిగిలేలా ఇంకో ప్లాను గీయించారు. మీటింగులో ప్రాజెక్టు మేనేజరు, "నాలుగు పాత రాళ్ళ కోసం పని ఆపాలా?" అని విసుక్కున్నాడు. మేడం నా వైపు చూపించి, "గీసింది ఈమె. ఈమే చెప్తది" అన్నారు.

"నాతోని కాదు మేడం," గొణిగాను.

"ఎందుకు కాదు? నడిచినవ్ గదా, అదే చెప్పు. తప్పు పోతే నేనున్న."

వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. తడబడి ఆగినప్పుడు ఆవిడ మాట అందించలేదు, ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు. అంతా విన్న కాలేజీ పెద్ద, ఒక ఖతారీ ఆవిడ, "పదండి, నడిచి చూద్దాం" అని లేచారు.

పార్కింగ్‌కు పోగా దారి సగమే దక్కింది. నేను దిగాలుపడితే మేడం నవ్వారు. "సగం దక్కింది గదా బిడ్డా. యల్లా, పద, చాయ్ తాగుదాం."

మరుసటి ఏడు మేడం కాంట్రాక్టును మా కంపెనీ పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆ మీటింగేనని అందరికీ తెలుసు. మేడం మాత్రం ఎవరినీ ఒక్క మాట అనకుండా, తన పనంతా నాకు నేర్పి నిజామాబాద్ వెళ్ళిపోయారు.

ఆ వెంటనే మిగిలిన సగం మీద టైల్స్ పరుస్తామన్నాడు మేనేజరు. ఈసారి నా పక్కన ఎవరూ లేరు. లేచి నిలబడి వద్దన్నాను, ఎందుకు వద్దో చెప్పాను. టైల్స్ ఆగాయి. ఇప్పటికీ ఏ మీటింగులోనైనా ఎదురు చెప్పాల్సి వస్తే బల్ల కింద చెప్పులు విడుస్తాను. అప్పుడు లేస్తాను.