హారన్ లేని కారు

మా బావ, అంటే అక్క భర్త, ఉద్దానం తీరంలో సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. కిడ్నీలు పాడయ్యాక ఆయన్ని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లే పని నా పాత కారుది.

ఒక ఉదయం జీడితోటల మధ్య ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే వెనక పెట్రోలు పంపు చప్పుడు లేదు. ఫ్యూజు చూస్తే బాగానే ఉంది. అంటే పంపుకి కరెంటు పంపే రిలే పోయిందన్నమాట. బావకి అప్పటికే ఆయాసం మొదలైంది.

"ఏటైందిరా?" అన్నాడు.

పక్కనున్న హారన్ రిలే కూడా అదే రకం. దాన్ని పీకి పంపుకి పెట్టాను. ఇంజను అందుకుంది.

"హారన్ మోగదు బావా. కాశీబుగ్గ బజారెలా దాటడం?"

"నేనున్నాను కదేటి? నువ్వు పోనియ్."

ఊపిరందని ఆ మనిషి అద్దం దించి, సముద్రం మీద పక్క పడవని పిలిచినట్టు, "ఓయ్, తప్పుకోండ్రా!" అని బజారు పొడుగునా కేకేశాడు. జనం జరిగారు. వేళకి ఆసుపత్రికి చేరాం.

ఆ ఏడాదే బావ పోయాడు. కొత్త రిలే కొన్నాను గానీ, హారన్‌కి పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇప్పటికీ ఎవరైనా అడ్డొస్తే అద్దం దించి కేకేస్తాను. నా గొంతుకి మాత్రం జనం అంత తొందరగా జరగరు.