ఇంటూ గీసిన ఫిల్టర్

మా ఫోర్‌మన్ నన్ను "ఫిల్టర్ల పిచ్చోడు" అన్న రోజు మధ్యాహ్నం భోజనంలో పప్పు, వంకాయ కూర ఉన్నాయి. కూరలో ఉప్పు తక్కువైంది. నవ్వినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఇద్దరు ఆ తర్వాత ఫోన్ చార్జర్ కోసం నా దగ్గరికొచ్చారు. నా చార్జర్ అప్పుడే పాడైపోయింది పాపం.

మా యార్డు కువైట్‌లోని సబ్హాన్‌లో ఉంది. వఫ్రా తోటలకు, రోడ్డు పనులకు లోడర్లు అద్దెకిస్తారు. వాటి హైడ్రాలిక్ పని నాది. లోడర్ బకెట్ లేచేదీ దిగేదీ పంపు తోసే ఆయిల్ బలంతోనే. ఆ ఆయిల్‌లో మట్టి, ఇనప రజను చేరకుండా కాసేది ఫిల్టర్. లోపల కాగితం మడతలు, కింద ఒక రేకు. మార్చడం గొప్ప విద్యేమీ కాదు. బకెట్‌ను నేలకు దించాలి, ఇంజన్ ఆపాలి, ట్యాంకు మూత వదులు చేసి లోపలి గాలి పోనివ్వాలి. చుట్టూ దుమ్ము తుడిచాకే ఫిల్టర్ మూత విప్పాలి. ఇక్కడ ఈ తుడవడం ముఖ్యం. లేకపోతే సగం ఎడారి ట్యాంకులోకే దిగుతుంది. పాతది తీసి, రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి, కొత్తది పెట్టాలి. అంతే.

ఇంత చిన్న పనిలోనూ మా ఫోర్‌మన్ కొత్త శాస్త్రం కనిపెట్టాడు. అతనిది మా జిల్లాయే. కువైట్‌కు నాకంటే మూడేళ్లు వెనక వచ్చాడు, నాకంటే ముందు ఫోర్‌మన్ అయ్యాడు. ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఆ పాత ట్రాక్టర్ల గాలి ఫిల్టర్‌లో ఉండేది తీగల జల్లెడ. దాన్ని డీజిల్‌లో కడిగి మళ్లీ పెట్టుకుంటారు. అక్కడ అది సరైన పనే. ఆ సరైన పనిని జాగ్రత్తగా విమానమెక్కించి ఇక్కడికి తెచ్చాడు.

"యాడైనా పిల్టర్ పిల్టరే గదన్నా. డీజిల్లో జాడిచ్చి గాలి కొడ్తే కొత్తదాని మాదిరి వస్తాది."

"అది తీగ కాదప్పా, కాగితం. గాలి కొడితే చినుగుతాది. నీ కంటికి కనపడకపోయినా పంపుకు కనపడ్తాది."

"నీకు అన్నిట్లో చిల్లులే కనపడ్తాయి. ఫిల్టర్ల పిచ్చోడు!"

అదే ఆ వంకాయ కూర రోజు.

కొత్త ఫిల్టర్ల బీరువా తాళం అతని మెడలో ఉండేది. ఫిల్టర్లు ఎంత తక్కువ వాడుతున్నాడో చూసి మా ముదీర్, అంటే కంపెనీ నడిపే కువైటీ, అతని భుజం తట్టాడు. నా భుజం కూడా పక్కనే ఉంది. అటు చూడలేదు.

ఆ వారం నుంచే నేనొక అలవాటు మొదలుపెట్టాను. తీసేసిన ప్రతి ఫిల్టర్ కింది రేకు మీద మేకుతో ఇంటూ మార్కు గీసి, పక్కన తేదీ గీకి, చెత్త డ్రమ్ములో వేసేవాణ్ణి. పెన్ను గుర్తు డీజిల్‌కు పోతుంది, మేకు గీత పోదు. ఎవరికీ చెప్పలేదు. పిచ్చివాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

ఒక రోజు వఫ్రా వెళ్లే లోడర్‌కు ఫిల్టర్ మార్చాల్సి వచ్చింది. పాతది విప్పి, ఇంటూ గీసి, డ్రమ్ములో వేశాను. ఫోర్‌మన్ వచ్చాడు.

"అన్నా, నువ్వు ఆ క్రేన్ కాడికి పో. ఇది నేను బిగిస్తాలే. బండి సర్వీసు కార్డు మింద సంతకం పెట్టి పో."

పెట్టాను. 'కొత్త ఫిల్టర్ బిగించడమైనది' అని రాసిన చోటే పెట్టాను. నా తప్పంటూ ఉంటే అదొక్కటే. ఇంతవరకు ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

పది రోజులకు ఆ లోడర్ లారీ మీద పడుకుని తిరిగొచ్చింది. పంపు రెండు రోజులు కూత పెట్టి చచ్చిందట. "బకెట్ ఎత్తితే ముసలాయప్ప మంచం మింద నుంచి లేసినట్టు లేస్తాండె," అన్నాడు దాని డ్రైవర్.

లారీ ఆగేసరికే ముదీర్ యార్డులో ఉన్నాడు. పంపు పోగొట్టినవాడి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఇక రెన్యూ చేసేది లేదన్నాడు. నా ఇఖామా ఆ నెలాఖరుతో ముగుస్తుంది. ఫోర్‌మన్ కార్డు తెచ్చి నా సంతకం చూపించాడు. "పెద్దాయన సార్, చూపు తగ్గింది," అని హిందీలో జాలిపడ్డాడు కూడా. దాన్ని కూడా జ్ఞాపకం పెట్టుకున్నాను.

"మీ కళ్ల ముందే ఫిల్టర్ విప్పుతాను సార్, చూడండి," అన్నాను.

"ఇంత ఎండలో ఎందుకన్నా," అన్నాడు ఫోర్‌మన్. పదిహేనేళ్లలో నాకు ఎండ తగులుతుందని అతనికి గుర్తొచ్చింది అదే మొదటిసారి.

ముందు చుట్టూ దుమ్ము తుడిచాను. ముదీర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. ఇంకోసారి తుడిచాను. మూత విప్పి ఫిల్టర్ బయటికి తీశాను. మడతలు వేలెడంత చీలి ఉన్నాయి. ఫిల్టర్ కూర్చునే గిన్నె అడుగున ఇనప రజను తళతళలాడుతోంది. తిప్పి చూపించాను. రేకు మీద ఇంటూ మార్కు, పక్కన నేను దాన్ని పారేసిన తేదీ.

"శినూ హాదా?" ఇదేమిటన్నాడు ముదీర్.

"చెత్తలో వేసేటప్పుడు పెట్టే గుర్తు సార్. ఈ గీత పడ్డది మళ్లీ బండెక్కకూడదు. ఎక్కించిందెవరో నేను చెప్పను." చెప్పకుండా ఫోర్‌మన్ వైపు చూశాను. డ్రమ్ము బోర్లించాను. పదో పన్నెండో దొర్లాయి, అన్నిటి మీదా ఇంటూ ఉంది.

ఫోర్‌మన్ మెల్లగా నా పక్కకొచ్చాడు. "ఎప్పట్నుంచి గీకుతాండావన్నా ఇట్ల?"

"నువ్వు నన్ను పిచ్చోడన్నప్పట్నుంచి."

"నేనెప్పుడన్యా?"

"వంకాయ కూరలో ఉప్పు తక్కువైన రోజు."

ముదీర్ "ఖలాస్", ఇక అయిపోయింది అని చేతులు దులుపుకుని కారెక్కాడు. నా ఇఖామా రెన్యూ అయింది. ఫోర్‌మన్ ఫోర్‌మన్‌గానే ఉన్నాడు, అంతటి మేధావిని కంపెనీ వదులుకుంటుందా. క్షమించమని ఎవరూ అనలేదు, భుజం ఎవరూ తట్టలేదు. మారిందొక్కటే: బీరువా తాళం నా మెడలోకి వచ్చింది. పాత ఫిల్టర్ తెచ్చి నాతో ఇంటూ గీయించుకుంటేనే ఎవరికైనా కొత్తది. ఫోర్‌మన్‌కైనా సరే.

వారానికి రెండుసార్లు వస్తాడు. పాత ఫిల్టర్ నూనె కారుతుంటే రెండు చేతులతో పట్టుకుని నిలబడతాడు.

"బిన్నా గీకన్నా, బండి నిలబడుండాది."

"ఉండప్పా, మేకు యాడ పెట్టినానో," అంటాను. మేకు నా చొక్కా జేబులోనే ఉంటుంది. అది అతనికీ కనిపిస్తూనే ఉంటుంది. పనిముట్ల పెట్టె అడుగుదాకా వెతుకుతాను. నా చూపు తగ్గింది కదా.