బిందెల వరసలో ఫైరింజను

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు నిప్పంటే భయం ఉండేది కాదు, మైకంటే ఉండేది. శిక్షణలో మూడో అంతస్తు నుంచి తాడు పట్టుకుని దిగమంటే దిగేవాణ్ణి, పొగ నింపిన గదిలోకి పాకమంటే పాకేవాణ్ణి. కానీ నలుగురు ఎదురుగా కూర్చుని నా మొహం వైపు చూస్తే నాలుక పిడచగట్టుకుపోయేది. అలాంటి నన్ను ఊళ్లవెంట ఉపన్యాసాలకు పంపించారంటే అందులో నా ప్రతిభ ఏమీ లేదు. స్టేషన్లో మిగతావాళ్లంతా నాకంటే సీనియర్లు, ఉపన్యాసం తప్పించుకునే విద్యలో కూడా.

మాది కర్నూలు పక్కన కల్లూరు. పోస్టింగు మాత్రం జిల్లాకు పడమటి కొసన ఒక చిన్న స్టేషన్లో వచ్చింది (ఏ స్టేషనో చెప్పను, ఇప్పుడక్కడ పనిచేస్తున్నవాళ్లకు ఈ సంగతితో ఏ సంబంధమూ లేదు). ఒక ఫైరింజను, దాన్ని నడిపే డ్రైవర్ మామ, మా అందరి మీద ఒక ఆఫీసరు. ఆఫీసరుగారిని వెనక రూల్సు సారు అనేవాళ్లం. ఆయన తుమ్మాలన్నా ముందు రూల్సు పుస్తకం తిరగేస్తారని డ్రైవర్ మామ చెప్పేవాడు. చలికాలంలో మాకు పని పెద్దగా ఉండేది కాదు. బావిలో పడిన ఎనుమును (గేదెను) తీయడం, ఎవరి ఇంట్లోనో దూరిన పామును చూసి అది పామేనని ధ్రువీకరించడం, అంతే. ఎండాకాలం వస్తే మాత్రం ఊపిరాడేది కాదు. ఈ వైపు గుట్టల మీద బోదగడ్డి ఎండి నిలబడి ఉంటుంది. దాన్ని కాలబెడితే తొలి వానకు లేత గడ్డి మొలుస్తుందని గొర్రెలవాళ్ల నమ్మకం. నమ్మకం నిజమే, కాకపోతే పెట్టిన నిప్పు గుట్ట మీదే ఉండిపోదు. గుట్ట దిగి వామిదొడ్డిలోకి వస్తుంది, అక్కడ ఊరందరి చొప్పవాములూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.

అందుకని ఆ ఏడు ఎండలు ముదరకముందే ఊరూరా తిరిగి చెప్పి రమ్మని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రూల్సు సారు రెండు పేజీల ఉపన్యాసం రాసిచ్చారు. "అగ్నిప్రమాదము సంభవించిన యెడల ప్రజలు భయాందోళనలకు లోనుగాక" అని మొదలవుతుంది. నేను దాన్ని వారం రోజులు అద్దం ముందు బట్టీపట్టాను. మా గది పక్కింటి ముసలాయన నాకు దెయ్యం పట్టిందనుకుని తాయెత్తు ఇప్పిస్తానన్నాడు.

మొదట వెళ్లిన ఊరు గుట్ట కిందే ఉంటుంది. పాత చర్చి, చర్చి గోడ వెనక వామిదొడ్డి, ఆ వెనక గుట్ట. చర్చి గంట కొట్టే ముసలమ్మను ఊరంతా గంటవ్వ అనేవాళ్లు. ఆదివారం ప్రార్థనకు నిదానంగా కొట్టేది, చావుకు ఒక్కొక్కటిగా ఆపి ఆపి కొట్టేది. నీళ్ల ట్యాంకరు వస్తే మాత్రం చెయ్యి ఆపకుండా కొట్టేది. అక్కడ ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చేది కాబట్టి ఆ గంటకు కులం, మతం లేకుండా ఊరంతా పరుగెత్తుకు వచ్చేది (ప్రార్థన గంటకు ఆ పరుగు లేదని పాస్టరుగారు కొంచెం నొచ్చుకునేవారట). గంటవ్వకు రెండు ఎనుములు. వాటి పాలు పోసి బతికేది. వానలు పడి పచ్చిక వచ్చేదాకా ఆ రెండింటికీ దిక్కు, వామిదొడ్డిలో గుట్ట వైపు చివర ఉన్న ఆమె జొన్నచొప్ప వామి ఒక్కటే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఉపన్యాసం ఇంకో రకంగా చెప్పేవాణ్ణేమో.

మా ఎర్రబండి ఊళ్లోకి రావడం, దాని వెనక ట్యాంకు ఉండటం గంటవ్వ చూసింది. గంట ఆపకుండా మోగింది. మేము దిగేసరికి ఊరు ఊరంతా చర్చి ముందర ఉంది. ఉపన్యాసం వినడానికి అంతమంది రావడం తన సర్వీసులో చూడలేదని రూల్సు సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చేతుల్లో బిందెలు ఎందుకున్నాయని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. బండి వెనక నుంచి చర్చి మెట్ల దాకా బిందెలు వరసగా కూర్చున్నాయి. బిందె తేనివాళ్లు తమ వంతుకు గుర్తుగా ఒక రాయో చెప్పో పెట్టారు.

నేను కళ్లు మూసుకుని రెండు పేజీలూ అప్పగించాను. ఒక్కరు కదల్లేదు, ఒక్కరు దగ్గలేదు. అందరి చూపూ నా వెనక ట్యాంకు మీద ఉందని నాకు తెలియదు కాబట్టి అది నా వాగ్ధాటి అనుకున్నాను. ధైర్యం వచ్చి, కాగితాల్లో లేని ప్రశ్న కూడా ఒకటి వేశాను, గుట్టకు నిప్పు పెట్టేదెవరని. ముందు వరసలో కూర్చున్న, గొర్రెలు కాసే ముసలాయన, ఊరివాళ్ల గొర్రెల తాత, నా మీద జాలితో జవాబు చెప్పాడు. "ఎవురో దారిన పొయ్యేటోళ్లు బీడీ తాగి పారేసింటారులే సారూ. మనూర్లో అట్లాటోళ్లు లేరు. నువ్వు మాత్రం శానా బాగా చెప్పినావప్పా."

తర్వాత సర్పంచి ఇంట్లో రూల్సు సారుకు భోజనం ఏర్పాటు చేశారు. వెళ్తూ వెళ్తూ ఆయన నన్ను పక్కకు పిలిచి, నీళ్లు చిమ్మి చూపించమని, కానీ ట్యాంకు సగానికి తగ్గకూడదని, నీటిమట్టం చూపే గేజి చూసుకోమని మూడుసార్లు చెప్పారు. నేను మూడుసార్లు సెల్యూట్ చేశాను. పంపు వేసి, హోసు పట్టుకుని, ఖాళీ జాగాలోకి ఠీవిగా నీళ్లు చిమ్మాను. చప్పట్లు కొడతారనుకుంటే జనం మొత్తం గుండెలు బాదుకున్నారు.

గంటవ్వ నేరుగా హోసుకు అడ్డం వచ్చి నిలబడింది. "ఓ నాయనా! నీళ్లు నేలకు పోస్తాండావేమి? నీకేమన్నా బుద్ధుండాదా?"

"అవ్వా, ఇది ప్రదర్శన."

"నిప్పు యాడుండాది? నిప్పు లేకుండానే ఆర్పుతాండావే. నా బిందె ఈడుండాది. దీంట్లో చెయ్యి నీ ప్రదర్శన."

ఒక్క బిందె కదా అని నింపాను. వేపచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుంటున్న డ్రైవర్ మామ తల ఎత్తి, "బేటా, ఇయ్యకుంటే ఎవురికీ ఇయ్యొద్దు. ఒకరికిచ్చినావంటే లాస్టు దాంక ఇయ్యాల్సిందే, యాద్ పెట్టుకో" అని చెప్పి పడుకున్నాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. ఇత్తడి బిందె, ప్లాస్టిక్ బిందె, చెప్పు పెట్టినామె, రాయి పెట్టినామె, అందరూ వచ్చారు. స్టేషను బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, ఒకామె అక్కడే దోసిట్లో తాగి నన్ను దీవించింది. నేను ప్రతి ఐదు బిందెలకూ ఒకసారి వెళ్లి గేజి చూసి వచ్చాను. ముల్లు సగం మీదే ఉంది. ఎంత ఇచ్చినా సగం మీదే ఉంది. ఆ పుణ్యమంతా చర్చి ముందర నిలబడటం వల్లేమోనని కూడా ఒక క్షణం అనుకున్నాను.

వరస అయిపోయి, జనం బిందెలెత్తుకుని ఇళ్లకు పోయాక, గుట్ట మీద పొగ కనిపించింది. గొర్రెల తాత చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "గాలి ఇప్పుడే తిరుగుతాదనుకోలేదప్పా" అన్నాడు తనలో తాను. ఉపన్యాసానికి రాకముందే ఆయన తన పని ముగించుకుని వచ్చాడని అప్పుడు నాకు అర్థమైంది.

మంట గుట్ట దిగి, ముళ్లకంప అంటుకుని, గంటవ్వ వామి అంచు పట్టుకోవడం అంతా మేము బండి తిప్పేలోపే జరిగింది. నేను హోసు ఎత్తిపట్టి పంపు వెయ్యమని అరిచాను. హోసు ఒక జానెడు ఉబ్బింది, దగ్గింది, పుక్కిలించినన్ని నీళ్లు నా బూట్ల మీద ఉమ్మి పడుకుంది. పరుగెత్తి గేజి చూశాను. సగం. డ్రైవర్ మామ వచ్చి గేజిని వేలితో కొట్టి, నా మొహం చూశాడు. "ఇది నాలుగేండ్ల నుంచి సగమే చూపిస్తాది బేటా. నీకెవురూ చెప్పలేదా?"

అప్పటికే గంటవ్వ గంట తాడు పట్టుకుంది. ఊరంతా పరుగెత్తి రావాలంటే ఆమెకు తెలిసిన గంట ఒక్కటే. ఆపకుండా కొట్టింది. ఊరంతా పరుగెత్తుకు వచ్చింది, ఖాళీ బిందెలతో. వచ్చినవాళ్లు వచ్చినట్టే బండి వెనక వరస కట్టి, "రెండో ట్రిప్పు కూడా ఉండాదంటనే" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

నేను బండి బానెట్ ఎక్కి అరిచాను. భయాందోళనలకు లోనుగాక అన్న మాట గుర్తు రాలేదు. "ఖాళీవి కాదమ్మా! ఇందాక ఇచ్చినవి తెండి! నిండు బిందెలు తెండి!" జనం మొహాలు మొహాలు చూసుకున్నారు. వాళ్ల తప్పు లేదు. ట్యాంకరు మళ్లీ నాలుగు రోజులకు గానీ రాదు. ఇచ్చిన నీళ్లు గంట తిరక్కుండానే వెనక్కి అడిగే ప్రభుత్వాన్ని వాళ్లు అంతకుముందు చూడలేదు. ఎవరూ కదల్లేదు. వామి చిటపటలాడుతోంది, నేను బానెట్ మీద చేతులు జోడించి నిలబడి ఉన్నాను. ఆ సిగ్గు ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

గంటవ్వ తాడు వదిలి ఇంట్లోకి పోయింది. నిండు బిందె చంకనెత్తుకుని వచ్చి, వామి కాలుతున్న వైపు కుమ్మరించింది. రెండో బిందె కోసం వెనక్కి తిరిగింది. ఉన్నవే ఆమెకు రెండు బిందెలు. అది చూసి ఊరు కదిలింది.

కదిలింది గానీ, వరసలోనే కదిలింది. ఇత్తడి బిందె మొదటిది కాబట్టి ఇత్తడి బిందే మొదట పోయాలి. మంటకు నాలుగడుగుల దూరంలో ఇద్దరు ఆడవాళ్లు ఆగిపోయారు. "నా చెప్పు ముందరుండె, ఆయమ్మ రాయి వెనకాల! ఆయమ్మ యెట్ల ముందు పోస్తాది?" అని ఒకామె నన్ను న్యాయం అడిగింది. నేను, ముందు చెప్పు, తర్వాత రాయి అని తీర్పిచ్చాను. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు. పోసినవాళ్లు ఎడమ పక్కగా పోయారు, తెచ్చినవాళ్లు కుడి పక్కగా వచ్చారు. అట్లా వరస తప్పకుండా బకెట్లు అందించడం మాకు శిక్షణలో రెండు వారాలు నేర్పినా రాలేదు. గొర్రెల తాత పచ్చి కానుగ మండ విరుచుకుని గడ్డి మంటను అందరికంటే గట్టిగా బాదాడు. బీడీ తాగి పారేసినవాడి మీద కోపం కాబోలు.

వామిలో మూడో వంతు పోయింది, మిగిలింది నిలిచింది. పక్క వాములకు అంటుకోలేదు. ఊళ్లో మాత్రం చుక్క నీళ్లు లేవు.

రూల్సు సారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ఆఖరి బిందె పడుతోంది. "ఏమిటిది?" అన్నారు. "ప్రజల భాగస్వామ్యం సార్" అన్నాడు డ్రైవర్ మామ. సారు తడిసిన వామిని చూశారు, ఖాళీ బిందెలు చూశారు, బండి దగ్గరికి పోయి గేజిని వేలితో ఒకసారి కొట్టి చూశారు. గంటవ్వ మసి చేతులతో ఆయనకు దండం పెట్టి, "పిల్లోడిని ఏమనొద్దు సారూ. నేనే అడిగినా" అంది. కాలిపోయింది ఆమె చొప్ప. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను, పొగ వల్ల అని చెప్పుకోవడానికి వీలుగా.

తిరుగు దారి పట్టాం. నా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్లో ఉంది, ఇంట్లో ఏం చెప్పాలా అని నేను మాటలు కూర్చుకుంటున్నాను. స్టేషను కనిపించే ముందు సారు రోడ్డు వైపే చూస్తూ అన్నారు. "పంపు సరిగ్గా పనిచేయలేదని లాగ్‌బుక్కులో రాయి. రేపు పొద్దున పంపు పరీక్ష చెయ్యాలి. ట్యాంకు పూర్తిగా నింపి, పూర్తిగా ఖాళీ చెయ్యాలి. ఎక్కడ ఖాళీ చెయ్యాలన్నది రూల్సులో లేదు." మర్నాడు పొద్దున గంటవ్వ గంట ఆపకుండా మోగింది. పరీక్షలో పంపు నెగ్గింది. అదే రోజు నాకు నిర్లక్ష్యానికి ఒక మెమో, ప్రజలను సమీకరించినందుకు ఒక ప్రశంసాపత్రం కలిపి ఒకే కవర్లో వచ్చాయి. రెండింటి మీదా సంతకం సారుదే.

చాలా ఏళ్లు గడిచాయి. ఇప్పుడు రూల్సు సారు కుర్చీలాంటి కుర్చీలోనే నేను కూర్చుంటున్నాను. మైకంటే భయం పోయింది, వినేవాళ్లకే నా మైకంటే భయం పట్టుకుంది. మొన్న ఎండాకాలం ఏదో పని మీద ఆ ఊరి వైపు పోతే, కొత్త కుర్రాళ్లను వెంటబెట్టుకుని అక్కడ దిగాను. ఇంటింటికీ కొళాయి వచ్చింది, అప్పుడప్పుడు నీళ్లు కూడా వస్తున్నాయి. గంటవ్వ పోయి మూడేళ్లయిందట. వాములు మాత్రం ఇప్పటికీ ఆనుకునే ఉన్నాయి, నా ఉపన్యాసాలు ఎన్ని అయినా. కానీ ప్రతి గడప పక్కనా సున్నం గీత గీసిన ఒక నిండు బిందె, దాని మీద మూత కనిపించాయి. గంటవ్వ ఇంటి ముందు ఆమె మనవరాలు ఎనుముకు చొప్ప వేస్తోంది. బిందె ఏమిటని అడిగాను.

"ఫైరు బిందె సార్. ఎవురూ ముట్టం. ఫైరింజన్లో నీళ్లుంటాయని నమ్ముకోవద్దు, మన నీళ్లు మనం పెట్టుకోవల్ల అని మా అవ్వ ఊరందరికీ చెప్పి పోయింది. ముందెప్పుడో ఒక సారు ఉత్త బండేసుకోని వచ్చినాడంట."

నా పక్కనున్న కుర్రాడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. అతనికి ఆ సారు ఎవరో తెలియదు.

"మీ అవ్వ తిట్టేదా ఆ సారును?" అన్నాను.

"లేదు సార్. మంచి పిల్లోడే, పాపం, సన్నగా ఉండె, ఎవురడిగినా లేదనేటోడు కాదు అంటా ఉండె."

నేను నా పొట్ట మీద బెల్టు సర్దుకుని బండి దగ్గరికి నడిచాను. గేజి నిండుగా చూపిస్తోంది, కొత్త గేజి. అయినా వెనక నిచ్చెనెక్కి, మూత తీసి, లోపలికి తొంగిచూశాను. నీళ్లలో ఒక సన్నటి కుర్రాడు కనిపిస్తాడేమోనని చూశాను గానీ, కనిపించింది నేనే.