ఏ ఒడ్డు పెద్దాయన

గంగరాజుకు దేవుడి మీద భక్తి అంతంతమాత్రమే గానీ, సాఫ్ట్‌వేర్ పెద్దల మీద మాత్రం అపారం. ప్రోగ్రాములు ఎలా రాయాలో లోకానికి బోధించే విదేశీ పెద్దలు నలుగురైదుగురు ఉన్నారు. పళ్లు తోముకుంటూ కూడా వాళ్ల ఉపన్యాసాలే వినేవాడు. ప్రోగ్రాములో ఏ ముక్కా పది వరుసలు దాటకూడదని వాళ్లలో ఒకాయన అన్నాడు. పదకొండో వరుస రాయాల్సి వచ్చిన రోజున గంగరాజుకు అన్నం సయించేది కాదు.

శ్రీకాకుళంలో ఒక టైలరు షాపు మీద అతనికి రెండు గదుల ఆఫీసు ఉంది. తోడుగా పనిచేసేది భారతి ఒక్కతే. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురు. ఆమెకు ఒక దురలవాటు ఉంది.

"ఎందుకన్నా?" అని అడిగేది.

"పెద్దాయన సెప్పాడమ్మా."

"ఆయనకెందుకలా అనిపించిందో?"

జవాబుగా గంగరాజు గంటా పది నిమిషాల వీడియో ఒకటి పంపేవాడు. భారతి దాన్ని రెట్టింపు వేగంతో చూసి, "ఇందులో కూడా ఎందుకో సెప్పలేదన్నా" అనేది.

రెండేళ్ల కిందట గంగరాజు మేనమామ కూర్మయ్య కబురు పెట్టాడు. గార దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లో మత్స్యకారుల సంఘానికి ఆయన ప్రెసిడెంటు. "ఏ బోటు వేటకెళ్లిందో, ఏది తిరిగొచ్చిందో, తుపాను కబురొస్తే ఒక్క సూపులో తెలియాలిరా. పుస్తకం తడిసిపోతంది" అన్నాడు.

గంగరాజు భక్తిశ్రద్ధలతో మొదలుపెట్టాడు. పెద్దలందరూ ఏకగ్రీవంగా చెప్పే మాట ఒకటుంది: ఒకే సంగతిని రెండు చోట్ల రాయవద్దు. బోటు వెళ్లినా, వచ్చినా రాసుకునేది నంబరు, సమయం, రేవు పేరే కదా. రెంటికీ కలిపి ఒకే ముక్క రాసి, ముచ్చటపడి భారతికి చూపించాడు.

"ఎల్లడం, రావడం ఒకటేనా అన్నా?"

"ఎలాగైనా బోటు కదలడమే కదమ్మా."

సముద్రం ఆ ఉపన్యాసాలు వినలేదు. వెళ్లేటప్పుడు బోటులో ఎంతమంది ఉన్నారో కూడా రాయాలన్నారు సంఘం వాళ్లు. వచ్చేటప్పుడు ఆ గొడవ లేదు. గంగరాజు మధ్యలో 'వెళ్తుంటే ఇలా, వస్తుంటే అలా' అని ఒక మెలిక పెట్టాడు. తిరిగొచ్చే బోటు ఒక్కోసారి వేరే రేవుకు చేరుతుందన్నారు. ఇంకో మెలిక. కొన్ని బోట్లు మూడేసి రోజులు ఉండిపోతాయన్నారు. దసరా నాటికి ఆ ముక్కలో తొమ్మిది మెలికలు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. దాన్ని ముట్టుకోవాలంటే రాసినవాడికే భయం.

దీపావళికి ముందు ఒకరోజు కొండబాబు బోటు పోటుకు కొట్టుకుపోయి కళింగపట్నం చేరింది. అక్కడి నుంచి ఫోను చేసి బోటు వచ్చిందని రాయించి, అతను ఆటోలో ఇంటికొచ్చేశాడు. వెళ్లినా వచ్చినా ఒకే ముక్క కావడంతో, ప్రోగ్రాము మాత్రం కొత్త రేవు పేరు చూసి అతను కళింగపట్నం నుంచి మళ్లీ వేటకు వెళ్లాడని లెక్కేసుకుంది. ఆ మధ్యాహ్నమే తుపాను హెచ్చరిక వచ్చింది. సంఘం గుమాస్తా జాబితా చూసి, కొండబాబు భార్య బుల్లమ్మకు ఫోను చేశాడు.

"మీ ఆయన ఇంకా సంద్రంలోనే ఉన్నాడమ్మా."

బుల్లమ్మ కంచం వైపు చూసింది. "మా ఆయన నా ఎదట కూకొని కవళ్ల సేపల పులుసు కలుపుకుంతన్నాడు. ఆ సంద్రంలో ఉన్నోడెవుడు?"

సాయంత్రానికల్లా వీధంతా పాకింది. "ఏటి మావా, ఇంకా ఒడ్డుకి రానేదా?" అని కనబడ్డ ప్రతివాడూ కొండబాబును పలకరించాడు.

కూర్మయ్య నవ్వలేదు. తుపాను తప్పిపోయాక గంగరాజును పిలిపించాడు. ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటూ అడిగాడు.

"ఒడ్డునున్నోడిని సంద్రంలో ఉన్నాడంటే నవ్వుకున్నాం. సంద్రంలో ఉన్నోడు ఇంటికొచ్చీసినాడని సూపిస్తే ఏటిరా?"

గంగరాజు తనూ ఇసకలో కూర్చున్నాడు. ఒకే సంగతిని రెండు చోట్ల రాయవద్దన్న పెద్దల మాట ఎంత గొప్పదో వివరించబోయాడు. కూర్మయ్య అంతా విన్నాడు.

"ఆ మాటన్నాయన ఏ ఒడ్డోడు?"

"మొదట అన్నాయన విదేశపోడు మావా. ఆయన కంపెనీలో వేలమంది రాస్తారు. ఒకే సంగతి నలభై చోట్ల రాసీసి, ఒకచోట దిద్ది, మిగతావి మరిసిపోయి సేతులు కాల్చుకున్నారంట. అందుకని..." చెబుతూ చెబుతూ గంగరాజు గొంతు నెమ్మదించింది.

"మరి నీకెన్ని సోట్లు?"

"రెండు."

కూర్మయ్య పంటితో ముడి బిగించాడు. "మా తాత, తూరుపు గాలి తిరిగితే వల దించొద్దనీవోడు. ఆయన మాట అబద్దం కాదు. ఆయనది తెరచాప తెప్ప, నాది ఇంజను బోటు. తాత మాటా తలుస్తాను, గాలీ సూస్తాను. ఆనక నా బోటేటో సూసుకుంటాను."

ఆఫీసుకొచ్చి గంగరాజు జరిగిందంతా చెప్పాడు. భారతి దెప్పలేదు. కాకపోతే ఆ పూట టీ కొంచెం హుషారుగా తెచ్చింది. వెళ్లడం వేరు, రావడం వేరు చేసేశారు. పద్నాలుగు వరుసలు రెండు చోట్లా అచ్చంగా ఒకేలా వచ్చాయి. రెండోసారి అవి రాస్తూ గంగరాజు దొంగలా వెనక్కి చూశాడు.

"ఎవరూ సూడట్లేదన్నా, రాసీ" అంది భారతి.

తొమ్మిది మెలికలూ పోయాయి. అలాగని పెద్దలందరినీ అతను గెంటెయ్యలేదు. ఏ మార్పు చేసినా, ప్రోగ్రాము తప్పును పట్టే పరీక్ష ఒకటి ముందుగా రాసుకొమ్మన్న మాటను కొండబాబు ప్రయాణం మీదే ప్రయోగించి చూశాడు. మూడు తప్పులు పట్టుబడ్డాయి. ఆ మాట ఉంచుకున్నాడు. పది వరుసల నియమం పనికొచ్చిన చోట వాడుతున్నాడు. పదకొండో వరుస వచ్చినా ఇప్పుడు అన్నం తింటున్నాడు. తర్వాతి హెచ్చరిక నాడు నిజంగా సముద్రంలో ఉన్న మూడు బోట్లకే ఫోన్లు వెళ్లాయి. పొద్దు గూకేలోపు మూడూ ఒడ్డెక్కాయి.

ఈ ఏడు ఎచ్చెర్లలో కాలేజీ విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాడు. "ఒకే వరుసలు రెండు చోట్ల ఉన్నంతమాత్రాన కొంప మునగదు" అన్నాడు. ముందు బెంచీలోని అనూరాధ అనే అమ్మాయి గబగబా రాసుకుని చెయ్యెత్తింది.

"ఎన్ని వరుసల వరకూ సార్?"

గంగరాజు ఏదో అంకె చెప్పబోయి ఆగాడు. "నువ్వేటి రాస్తన్నావమ్మా?" అని అడిగాడు. బస్సుల వేళలు చూపించే ప్రోగ్రామట. ఉపన్యాసం మానేసి, ఆ అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మిగతా పిల్లలు చుట్టూ మూగారు. భోజనాల గంట కొట్టేసరికి, ఒక్కో వరుసా ఎందుకో చూసుకుంటూ, ఇంకా ఆరో వరుస దగ్గరే ఉన్నారు.