గువ్వకు సరిపోయే సీటు

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆయనను బ్రేకు మాస్టారు అనేవారు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే, పక్క సీట్లో కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఆయన ఉద్యోగమంతా గడిపారు. ఆ కాలికి అలవాటు ఎంత ముదిరిందంటే, టీవీలో ఎవడైనా బండి వేగంగా తోలితే ఇంట్లో సోఫా మీద కూర్చున్న ఆయన నేలను గట్టిగా తొక్కేవారు. తివాచీ సరిగ్గా ఆ ఒక్క చోటే అరిగిపోయిందని ఆయన భార్య ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించేది.

ఇక సీటు బెల్టు విషయంలో ఆయన పట్టుదల ఊరంతటికీ తెలుసు. బెల్టు పెట్టుకోనిదే తాళంచెవి ముట్టనిచ్చేవారు కాదు. షెడ్డులో ఆగి ఉన్న కారు అద్దాలు తుడవడానికి లోపలికెక్కిన మనిషిని కూడా బెల్టేదని నిలదీశారని చెప్పుకునేవారు. అది నిజం కాదని ఆయన అనేవారు గానీ, ఆ అనడంలో గట్టిదనం ఉండేది కాదు.

అంతటి మాస్టారిని కనుసన్నలతో ఆడించే మనిషి ఆ ఇంట్లో ఒకతే ఉంది. కూతురి కూతురు, ఆరేళ్లది. ఇంట్లో అందరూ గువ్వ అని పిలుస్తారు. ‘కనుసన్న’ అన్నది ఊరికే అన్న మాట కాదు. పుట్టినప్పటి నుంచి గువ్వకు మెదడు పంపే కబురు కండరాలకు సరిగా అందదు. మెడ నిలవదు, నడుము నిలవదు, మాట రాదు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అవునంటే కళ్లు పైకెత్తుతుంది, కాదంటే గట్టిగా మూసుకుంటుంది. మరీ ఒళ్లు మండితే “ఉహూ” అంటుంది. తండ్రిది ఓడలో ఉద్యోగం, ఇంట్లో కంటే నీళ్ల మీదే ఎక్కువగా ఉంటాడు. అందుకని తల్లీ కూతుళ్లు మాస్టారి ఇంట్లోనే ఉంటున్నారు.

గువ్వను వ్యాయామాల కోసం ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాలంటే కారే దిక్కు. కూతురు నడుపుతుంది, భార్య ముందు కూర్చుంటుంది, వెనక గువ్వ పక్కన మాస్టారు. గువ్వ కూర్చునేది పసిదానిగా ఉన్నప్పుడు కొన్న పిల్లల సీటులోనే. గువ్వ ఎదిగింది గానీ సీటు ఎదగలేదు. పట్టీలు భుజాల కిందికి దిగిపోయాయి. మలుపు తిరిగితే పిల్ల పక్కకు ఒరిగిపోయేది, బ్రేకు పడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనేది. ఊపిరి బరువుగా తీసేది. అందుకని మాస్టారు దారి పొడుగునా పక్కకు తిరిగి, అరచేత్తో గువ్వ నుదురు పట్టుకుని కూర్చునేవారు. దిగేసరికి చెయ్యి తిమ్మిరెక్కి చెక్కలా అయ్యేది. ఆ చేతిని ఊపుకుంటూ, తను లేకపోతే ఈ ఇల్లు ఒక్క వీధి కూడా దాటలేదన్నట్టు నడిచి వచ్చేవారు.

ఒకరోజు కారుకు అడ్డంగా కుక్క పరిగెత్తింది. కూతురు బ్రేకు వేసింది. మాస్టారి కాలు కూడా అలవాటు కొద్దీ తొక్కింది గానీ, వెనక సీట్లో తొక్కడానికి ఏముంది? ఆయన మొత్తంగా ముందుకు దూకి ఎదుటి సీటుకు తల కొట్టుకున్నారు. చేతి వాచీ గువ్వ చెంపను గీరింది. కుక్క మాత్రం క్షేమంగా అవతలి గట్టు చేరి వెనక్కి తిరిగి చూసింది.

ఫిజియో ఆ గీత చూసి ఏమైందని అడిగింది. కూతురు జరిగినదంతా చెప్పింది. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఈ ఫిజియో కారు నేర్చుకున్నది మాస్టారి దగ్గరే. మొదటి రోజు బెల్టు మరిచిపోయినందుకు అరగంట ఉపన్యాసం విన్న మనిషి. ఆమె మాస్టారి నుదుటి బొప్పిని కాసేపు తీరిగ్గా చూసింది.

“మరి మీరు బెల్టు పెట్టుకోలేదా, మాస్టారూ?”

మాస్టారు తేలు కుట్టిన దొంగలా గోడ మీది గడియారం వైపు చూశారు. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గువ్వ నేల మీద చాపలో పడుకుని తాత మొహంలోకే చూస్తోంది.

“పెట్టుకుంటే చెయ్యి అందదమ్మా” అన్నారు చివరికి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

ఆమె నవ్వలేదు. అదే మంచితనం. ఎంత బలమున్న చెయ్యైనా కారు గుద్దుకున్నప్పుడు పిల్లను ఆపలేదని, బెల్టు లేని పెద్ద మనిషి పక్కనున్న పిల్ల మీదే పడతాడని మెల్లగా చెప్పింది. గువ్వకు నడుమును రెండు పక్కలా పట్టి ఉంచేదీ, తలకు దన్నుగా ఉండేదీ, కొద్దిగా వెనక్కి వాలేదీ, ఇలాంటి పిల్లల కోసమే చేసిన సీటు కావాలంది. ఇవన్నీ మాస్టారు తన శిష్యులకు చెప్పిన పాఠాలే. తన దాకా వచ్చేసరికి చెవికి చేదుగా ఉన్నాయి.

ఇంటికి రాగానే మాస్టారు కొత్త సీటెందుకని మొదలుపెట్టారు. పాతదాన్నే బాగు చేస్తానన్నారు. సోఫా దిండ్లు రెండు తీసి, సీట్లు కుట్టే అతని దగ్గరికి వెళ్లి, వాటికి పట్టీలు వేయించి పాత సీటుకు అటూ ఇటూ బిగించారు. నుదుటికి ఒక మెత్తటి పట్టీ కూడా కుట్టించారు. అందులో కూర్చోబెడితే గువ్వ దిండ్ల మధ్య ముక్కు కొన మాత్రమే కనబడుతూ పార్సిల్లా ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఫిజియో కూడా ఒప్పుకోలేదు. సీటుతో కలిపి పరీక్షించని దిండూ పట్టీ ఏదీ తగిలించకూడదని, గుద్దుకుంటే దిండు నలిగి పట్టీ వదులైపోతుందని, నుదుటి పట్టీ మెడకే ప్రమాదమని చెప్పింది. దిండ్లు సోఫాకు తిరిగొచ్చాయి. కుట్టిన పట్టీలు వాటికలాగే వేలాడుతుంటే, ఇవి కూడా బెల్టు పెట్టుకున్నాయా అని పక్కింటావిడ అడిగింది.

ఆ మరుసటి వారం సీట్లు అమ్మే అతను మూడు రకాలు తెచ్చి ఫిజియో గది బయట, చెట్టు నీడన పెట్టాడు. సీటు ఎంత గొప్పదైనా సొంత కారులో, సొంత పిల్లను కూర్చోబెట్టి చూడనిదే కొనొద్దని ఫిజియో ముందే చెప్పింది. మాస్టారు నలగని చొక్కా వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, పెళ్లికూతురిని చూడటానికి వచ్చిన మేనమామలా బయలుదేరారు.

మొదటిది సింహాసనమే. తలకు రెక్కలు, పక్కలకు రెక్కలు, కాళ్లకు పీట. అది కారులో పట్టాలంటే ముందు సీటు బాగా ముందుకు జరపాల్సి వచ్చింది. అలా జరిపిన ముందు సీట్లో మాస్టారిని కూర్చోమంటే మోకాళ్లు వచ్చి గడ్డానికి తగిలాయి. అది పోయింది.

రెండోది చక్కగా వెనక్కి వాలింది. తల ఎటూ పడలేదు. మాస్టారికి తప్పు దొరక్క టార్చి వేసి అడుగున కూడా వెతుకుతున్నారు. తప్పు గువ్వే పట్టింది. అలా వాల్చితే ఆమెకు కారు పైకప్పు తప్ప ఇంకేమీ కనబడదు. కాస్త లేపితే తల ముందుకు వస్తోంది. “ఉహూ” అంది, వీధి చివరి దాకా వినబడేలా.

మూడోది చూడ్డానికి ఆర్భాటంగా లేదు. తలుపు వైపుకు తిరుగుతుంది, కాబట్టి పిల్లను ఎత్తి కూర్చోబెట్టేవాళ్ల నడుము విరగదు. పక్కల దన్నులు గువ్వ ఒంటికి తగ్గట్టు దగ్గరికి జరిగాయి. కొంచెమే వాల్చినా తల నిలిచింది. గువ్వ చూపు సూటిగా కిటికీలోంచి వీధిలోకి పోయింది. కూతురు ఏమీ అడగకముందే కళ్లు రెండూ పైకెత్తేసింది.

మాస్టారికి మాత్రం నచ్చలేదు. గుడ్డ గరుగ్గా ఉందన్నారు. తిరిగేది ఎప్పుడో తిరగడం మానేస్తుందన్నారు. పట్టీలు విప్పే బొత్తం మరీ గట్టిగా ఉందన్నారు, నొక్కి చూస్తే మరీ మెత్తగా ఉందన్నారు. ఆ రంగు ఎండలో వెలిసిపోతుందన్నారు. అమ్మే అతను పాపం ప్రతిదానికీ జవాబు చెబుతూ చెమటలు తుడుచుకున్నాడు.

అంతదాకా ఊరుకున్న భార్య దగ్గరికొచ్చి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

“సీటులో ఏ లోపమూ లేదండీ. మీ చేతికి పని పోతోందని మీ బెంగ.”

మాస్టారు కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చారు. టైర్లు చూస్తున్నట్టు వంగారు గానీ, చూసింది టైర్లను కాదని ఆమెకు తెలుసు. పెళ్లయిన నాటి నుంచి ఆ వీపు చూస్తోంది మరి. గువ్వ కోసం ఇంట్లో తలా ఒక పని నేర్చుకున్నారు. తల్లి వ్యాయామాలు చేయిస్తుంది, అమ్మమ్మ ముద్దముద్దగా తినిపిస్తుంది. ఆయనకు చేతనైందల్లా ఆ నుదురు పట్టుకోవడమే. ఆ నుదుటి వెచ్చదనం తెలిసినంత బాగా ఆయనకు ఇంకేదీ తెలియదు.

లేచి, గొంతు సవరించుకుని, బిగించడం ఎలాగో చూపించమని ఫిజియోను అడిగారు. ఆమె అడుగు బెల్టు, వెనక కొక్కేనికి తగిలించే పై పట్టీ చూపించింది. భుజం మీది పట్టీని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టి చూడమని, వేళ్ల మధ్య మడత దొరికిందంటే వదులుగా ఉన్నట్టేనని చెప్పింది. మాస్టారు విప్పి బిగించి, విప్పి బిగించి, ఆమె చాలంటున్నా వినలేదు. బుద్ధిమంతుడైన శిష్యుడు దొరికాడని ఆమె ఒక చిన్న చురక వేసింది. ఆయన అది మెప్పుగానే పుచ్చుకున్నారు.

నడిపి చూద్దామనేసరికి ఆయన అలవాటుగా వెనక తలుపు తీశారు. భార్య అప్పటికే అక్కడ కూర్చుని బెల్టు పెట్టేసుకుంది.

“మీరు ముందుకెళ్లండి. ఇక్కడ కూర్చుంటే మీ చెయ్యి ఊరుకోదు.”

ముందు కూర్చున్నారు గానీ మెడ ముందుకు ఉండనంది. ప్రతి మలుపుకూ వెనక్కి తిరిగేవారు. వెనక ఎవరూ ఒరగడం లేదు. నాలుగు వీధుల కూడలిలో ఎర్ర లైటు పడి కారు ఆగింది. ఇంక ఉండబట్టలేక ఆయన సీట్ల సందులోంచి చెయ్యి చాచి గువ్వ నుదుటి మీద పెట్టారు. గువ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. “ఉహూ” అంది.

“బస్సు వస్తోందిగా నాన్నా. నీ చెయ్యి అడ్డం” అంది కూతురు అద్దంలోంచి చూస్తూ.

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బస్సు వెళ్లింది. దాని వెంట గువ్వ చూపు వెళ్లింది, ఆ తర్వాత గొంతులోంచి ఒక పొడుగాటి కేరింత. ఆరేళ్లుగా అదే దారిలో వెళ్తున్నా, తాత అరచేతి కింది నుంచి ఆమెకు కనబడినది ఎదుటి సీటు వీపు ఒక్కటే అని అప్పుడు ఆయనకు తట్టింది. మిగతా దారంతా ఆయన చెయ్యి చాచలేదు. వెనక్కి కూడా తిరగలేదు. వీధిలో వచ్చిన బస్సులన్నీ ముందుగా తనే చూసి, “అదుగో గువ్వా, ఎర్రది” అని చెబుతూ కూర్చున్నారు.

సీటు కొన్నారు. పట్టీల అధికారం మాస్టారిదే అయింది. ఆయన పట్టీ గిల్లి చూసి తల ఊపితే తప్ప కారు కదలదు.

అంతకుముందు ఫిజియో గది దాటి వాళ్ల కారు ఎక్కడికీ పోయింది లేదు. మాస్టారి చెల్లెలు మూడు గంటల దూరంలో ఉంటుంది. చూడాలంటే ఎప్పుడూ ఆమే రావాలి. ఆ నెలాఖరుకు అందరూ కలిసి వాళ్లింటికే బయలుదేరారు. గువ్వ దారంతా కళ్లప్పగించి చూసింది. తీరా వాకిట్లో ఆగి, సీటు తిప్పి దింపబోతే ఒకటే ఏడుపు. ప్రయాణం అప్పుడే అయిపోయిందని ఆమె కోపం. బతిమాలి బతిమాలి, లాభం లేక, మాస్టారి చెల్లెలే వచ్చి కారులో గువ్వ పక్కన చతికిలబడింది. చిన్నప్పుడు మీ తాత సైకిలు నేర్చుకుంటూ మురుగు కాలవలో ఎలా పడ్డాడో తెలుసా అని మొదలుపెట్టి, ఒక్కసారి కాదు, ఒకే కాలవలో మళ్లీ మళ్లీ పడ్డాడని చెప్పింది. గువ్వ ఏడుపు మరిచి నవ్వింది. మాస్టారు వాకిట్లో నిలబడి, ఆ ఇంటి పూలకుండీలను తెగ శ్రద్ధగా పరీక్షిస్తూ, ఏమీ వినబడనట్టే ఉండిపోయారు.