అరగంటలోకి రాని కబుర్లు

మా ఇంట్లో ఫోన్‌కి రోజుకి అరగంట. ఆ చట్టం నాది. అమ్మాయికి రీల్స్ పిచ్చి ముదిరి, కంచం ముందు కూర్చున్నా తల ఎత్తడం మానేసింది. దాంతో సాయంత్రం ఆరున్నర నుంచి ఏడింటి వరకే ఫోన్, తర్వాత అది నా బీరువాలోకి అని తేల్చేశాను. పాలకొల్లులో మాది స్టీలు సామాన్ల కొట్టు. పొద్దస్తమానం బేరాలాడేవాళ్ళతో వేగేదాన్ని, పద్నాలుగేళ్ళ పిల్లతో వేగలేనా అనుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నేను ఎన్ని సీరియళ్ళు చూస్తానో ఎవరూ అడగలేదు కాబట్టి, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. వేసవి సెలవులయ్యాక పిల్ల గడువు దాటడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలని అడిగి పావుగంట తీసుకునేది. ఒకరోజు ఏడుంబావుకి గదిలోకి తొంగి చూస్తే, ఫోన్‌ని పుస్తకాలకి ఆనించి నిలబెట్టి దాని ముందు చేతులు తెగ తిప్పుతోంది. చూడడం అయిపోయింది, ఇప్పుడు తనే రీల్స్ చేస్తోందన్నమాట అనుకున్నాను. ఒళ్ళు మండింది. వెనక నుంచి వెళ్ళి ఫోన్ లాక్కుని ఆపేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అది మాట మధ్యలో ఉందమ్మా," అంది.

ఎవరని అడిగితే చెప్పింది. నిరుటి దాకా దీని పక్కన బెంచీలో కూర్చున్న అమ్మాయి. పుట్టుకతోనే వినబడదు. మా ఇంటికి కూడా వచ్చేది. గట్టిగా అరిస్తే వినబడుతుందన్నట్టు, ఇంకాస్త పులిహోర వేసుకోమని నేను కేకలు పెట్టేదాన్ని. వాళ్ళ నాన్నగారికి ఆయిల్‌పామ్ తోటల్లో పని దొరికి ఇంటిల్లిపాదీ జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయారు. మెసేజీలు రాసుకోవచ్చు కదా అన్నాను. నా పట్టు నాది.

"రాస్తే దాని మొహం కనబడదుగా. ఇంట్లోవాళ్ళకి అన్నం, నీళ్ళు, స్నానం లాంటి సైగల వరకే వచ్చు. కొత్త స్కూల్లో ఎవరికీ ఏమీ రాదు. రోజు మొత్తానికి అది మాట్లాడేది ఈ అరగంటేనమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ తిరిగి చేతికిచ్చి, మళ్ళీ వీడియో కాల్ చెయ్యమన్నాను. రీల్స్‌కి అరగంట అలాగే ఉంది కానీ, ఈ కబుర్లని అందులోంచి ఆ క్షణమే తీసేశాను.

నా కూతురి చేతులు నాకు కొత్తా? జడ అల్లుకోవడం రాని చేతులు. గిన్నె కడగమంటే జారవిడిచే చేతులు. అవి అప్పుడు గాలిలో అడిగాయి, ఓదార్చాయి, ఎవరినో వెక్కిరించాయి. అవతల ఆ పిల్ల వేళ్ళు ఇంకా వేగంగా కదులుతున్నాయి. కనుబొమలు, భుజాలు, బుగ్గలు అన్నీ కలిసి మాట్లాడుతున్నాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంత భాష నా ఇంట్లో, నా పిల్ల దగ్గర, నాకు తెలియకుండా రెండేళ్ళుగా పెరిగింది. ఎవరు నేర్పారంటే ఆ స్నేహితురాలే నేర్పిందని తెర వైపు చూపించింది. కన్నది నేనే అయినా, నా కూతుర్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.

ఇంతలో మా అమ్మాయి వెనకాల నిలబడ్డ నన్ను ఆ పిల్ల గమనించింది. ఆమె చేతులు ఠక్కున ఆగిపోయాయి. మణికట్టు మీద, వాచీ పెట్టుకునే చోట, వేలితో రెండుసార్లు తట్టింది. ఏంటది అని అడిగితే మా అమ్మాయి కాసేపు నసిగింది.

"నీ పేరమ్మా. మేం నిన్ను అలాగే అంటాం."

నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి. 'చెప్పు' అనాలంటే ఎలాగో నేర్పించుకుని, తెర ముందు కూర్చుని వంకరటింకరగా చేసి చూపించాను. ఆ పిల్ల నన్నే చూస్తూ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత చేతులెత్తి నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చెప్పబోయిన మా అమ్మాయిని ఆగమన్నాను. ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.